‘ఇది వాక్యంలో ఎక్కడుందమ్మా?’ అన్న ప్రశ్న ముందు: పవిత్ర గ్రంథం, పారంపర్యం, శ్రీసభ అధికారం

అమ్మా, మీ ప్రశ్నను రెండుసార్లు చదివిన తరువాతే ఈ సమాధానం రాస్తున్నాను. స్టేషన్ ఘన్‌పూర్ దగ్గరి కతోలిక కుటుంబంలో పుట్టి, హనుమకొండలో ఒక బాప్టిస్టు కుటుంబానికి కోడలిగా వెళ్లానని రాశారు. మీరు జపమాల పట్టుకున్నప్పుడూ, చనిపోయిన మీ నాన్నగారి కోసం ప్రార్థించినప్పుడూ మీ అత్తగారు కోపంతో కాకుండా నిజమైన ఆందోళనతోనే ‘ఇది వాక్యంలో ఎక్కడుందమ్మా?’ అని అడుగుతున్నారనీ, ఒకనాడు మార్కు సువార్త ఏడవ అధ్యాయం తీసి ‘మనుష్యుల పారంపర్యాచారము’ అన్న మాటను వేలు పెట్టి చూపించారనీ చెప్పారు. చివర మూడు సంగతులు అడిగారు: బైబిలు ఒక్కటే ఎందుకు చాలదు, పారంపర్యమంటే మనుషులు కల్పించుకున్న ఆచారాలేనా, పోపు గారు తలచుకుంటే బైబిలును కూడా దాటి కొత్త సిద్ధాంతం చెప్పగలరా. వరంగల్ మేత్రాసనంలో (బిషప్ గారి పరిధిలో) ముప్పై ఏళ్లకు పైగా ఉపదేశిగా, అంటే విశ్వాస పాఠాలు చెప్పేవాడిగా, పనిచేస్తూ ఈ మూడు ప్రశ్నలను పల్లెల్లోనూ, కాజీపేట రైల్వే క్వార్టర్లలోనూ, పెళ్లి మాటల మధ్యలోనూ ఎన్నోసార్లు విన్నాను. తొందరపడి సమాధానం చెప్పి ఎదుటివారిని నొప్పించిన రోజులు కూడా ఉన్నాయి కాబట్టి, ఈసారి నిదానంగా రాస్తాను.

ముందుగా ఒక అపోహను పక్కన పెట్టాలి. మనవాళ్లలో చాలామంది, కతోలికులకు రెండు సంచులు ఉన్నాయని, ఒకదానిలో బైబిలు, మరొకదానిలో బైబిల్లో లేని సంగతులు ఉన్నాయని అనుకుంటారు. మీ అత్తగారు అలా అనుకోవడంలో వింత లేదు, ఎందుకంటే మన పాత జ్ఞానోపదేశ తరగతుల్లో మేమే చాలా ఏళ్లు దాదాపు అలాగే చెప్పాం. శ్రీసభ, అంటే కతోలిక సంఘం, బోధించేది అది కాదు. పారంపర్యమంటే బైబిలుకు బయట మిగిలిపోయిన సరుకు కాదు. క్రీస్తు తన అపొస్తలులకు అప్పగించినదంతా, అంటే ఆయన మాట, ఆయన నేర్పిన ప్రార్థన, ఆయన స్థాపించిన జ్ఞానస్నానం, దివ్యబలిపూజ, ఆయన పేరిట బతికే తీరు, ఒక తరం నుండి మరొక తరానికి పవిత్రాత్మ తోడుతో అందుతూ రావడమే పారంపర్యం. ఆ అందింపు లోపలే, అందులో భాగంగానే, పవిత్ర గ్రంథం కూడా మన చేతికి వచ్చింది.

మీ పెళ్లిలో అప్పగింతలు జరిగే ఉంటాయి. మీ అమ్మగారు మీ చేతిని మీ అత్తగారి చేతిలో పెట్టినప్పుడు మీ గురించి రాసిన కాగితాన్ని కాదు, మిమ్మల్నే అప్పగించారు. మీ స్వభావం, మీకు నచ్చేవి, నచ్చనివి ఆమె తరువాత ఉత్తరంలో రాసి పంపినా, ఆ ఉత్తరం అప్పగించిన మనిషిని గురించి చెబుతుందే తప్ప ఆ మనిషి స్థానంలో నిలబడదు. పౌలు గారు కొరింతు సంఘానికి రాసినప్పుడు సరిగ్గా ఈ మాటనే వాడారు. మీ అత్తగారి పాత అనువాదంలోనే మొదటి కొరింతీయుల పత్రిక పదకొండవ అధ్యాయం ఇరవై మూడవ వచనం తీసి చూడండి: తాను ప్రభువు వలన పొందినదానినే వారికి అప్పగించానని చెప్పి, ఆ తరువాత కడరా భోజన వృత్తాంతాన్ని చెబుతారు. పదిహేనవ అధ్యాయంలో క్రీస్తు మరణ పునరుత్థానాల గురించి చెప్పేటప్పుడు కూడా అదే వరుస: నాకు అందినది, నేను మీకు అప్పగించినది. ఆ సంఘం ముందుగా అప్పగింతను స్వీకరించింది, పత్రిక తరువాత వచ్చింది.

ఇక మార్కు ఏడవ అధ్యాయం సంగతి. దాన్ని మీరు తప్పించుకోనవసరం లేదు. అది మనం కూడా తలవంచి వినవలసిన మాట. అక్కడ ప్రభువు ఖండించినది ఒక నిర్దిష్టమైన మోసాన్ని. తల్లిదండ్రుల పోషణకు ఇవ్వవలసిన దానిని ‘కొర్బాను’ అని, అంటే దేవునికి అర్పితమని ప్రకటించి, తల్లిదండ్రులను గాలికి వదిలేసే ఏర్పాటును కొందరు సమర్థించారు. దేవుని ఆజ్ఞను మనిషి కట్టుబాటుతో కొట్టివేయడం అది. మార్కులో ‘పారంపర్యాచారము’ అని అనువదించిన గ్రీకు పదం ‘పరదోసిస్’. ఇదే పదం తెస్సలోనీకయులకు రాసిన రెండవ పత్రిక రెండవ అధ్యాయం పదిహేనవ వచనంలో కూడా ఉంది. అక్కడ పౌలు గారు, నోటిమాట ద్వారా గాని, పత్రిక ద్వారా గాని తమకు బోధించిన వాటిని గట్టిగా పట్టుకొమ్మని ఆజ్ఞాపిస్తున్నారు. కాని మన పాత తెలుగు అనువాదంలో ఆ వచనంలో ‘విధులు’ అని, మొదటి కొరింతీయుల పదకొండవ అధ్యాయం రెండవ వచనంలో ‘కట్టడలు’ అని పడింది. అనువాదకులు దురుద్దేశంతో చేశారని నేను అనను; సందర్భానికి తగిన మాట వెతుక్కొని ఉంటారు. అయితే తెలుగు చదువరికి దాని ఫలితం ఏమైందంటే, ‘పారంపర్యం’ అన్న మాట తిట్టుగా వినబడే చోట మాత్రమే కనిపించింది, మెచ్చుకోలుగా వినబడే చోట్ల మరుగున పడింది. ఈ మూడు వచనాలనూ పక్కపక్కన పెట్టి చదివితే, ప్రభువు పరదోసిస్‌ను మొత్తంగా తోసిపుచ్చలేదని, దేవుని మాటను కొట్టివేసే పరదోసిస్‌ను తోసిపుచ్చారని మీ అత్తగారు కూడా ఒప్పుకుంటారని నా నమ్మకం.

ఇప్పుడు ‘బైబిలు ఒక్కటే ఎందుకు చాలదు’ అన్న ప్రశ్న. దీనికి నేను ఎప్పుడూ బైబిలు మొదటి పేజీ దగ్గర నుండే సమాధానం మొదలుపెడతాను, అంటే విషయసూచిక దగ్గర నుండి. ఏ గ్రంథాలు దేవుని వాక్కో చెప్పే ఆ పట్టిక ఏ ప్రవక్తా, ఏ అపొస్తలుడూ రాసినది కాదు. నూతన నిబంధనలోని ఇరవై ఏడు గ్రంథాలను, అవే ఇరవై ఏడింటిని, పట్టికగా చెప్పిన మొదటి పత్రం మనకు దొరికినంతవరకు అలెగ్జాండ్రియా పీఠాధిపతి (బిషప్) పునీత అతనాసియుసు 367లో తన సంఘాలకు రాసిన పాస్కా (ఈస్టరు) లేఖ. అంతకుముందు పశ్చిమాన హెబ్రీయుల పత్రికను గురించి, తూర్పున దర్శన గ్రంథాన్ని గురించి చాలామందికి సందేహాలు ఉండేవి. నాలుగవ శతాబ్దంలో చేతితో రాసిన ‘సినాయి ప్రతి’ అనే బైబిల్లో బర్నబా పత్రిక, హెర్మాసు రాసిన ‘కాపరి’ అనే గ్రంథం కూడా కలిపి కుట్టి ఉన్నాయి. 393లో హిప్పో సభ, 397లో కార్తేజి సభ ఉత్తర ఆఫ్రికా సంఘాల కోసం పట్టికను ఖాయం చేశాయి. వారు దేన్ని బట్టి తేల్చుకున్నారు? ఈ గ్రంథం అపొస్తలుల నుండి వచ్చిందా, అప్పటికే అన్ని చోట్లా ఒప్పుకునే విశ్వాసంతో పొసగుతుందా, సంఘాలు దీన్ని ఆరాధనలో చదువుతూ వచ్చాయా అని చూశారు. ఈ మూడు కొలతలూ పారంపర్యంలోనివే. పారంపర్యాన్ని పూర్తిగా తీసివేస్తే బైబిలు మిగలదు. విడివిడి చర్మపత్రాలు మిగులుతాయి.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి, ఎందుకంటే మన వైపు యువకులు ఉత్సాహంలో ‘బైబిలును మా శ్రీసభే తయారు చేసింది’ అని అనేస్తుంటారు. అలా అనకండి. 1870లో మొదటి వాటికన్ మహాసభ ఈ విషయాన్ని స్పష్టంగా చెప్పింది: ఈ గ్రంథాలు పవిత్రమైనవి కావడానికి కారణం శ్రీసభ వాటిని తరువాత ఆమోదించడం కాదు, పవిత్రాత్మ ప్రేరణతో రాయబడి దేవుణ్ణే కర్తగా కలిగి ఉండడం. బిడ్డను గుర్తుపట్టిన తల్లి ఆ బిడ్డకు ప్రాణం పోయలేదు. శ్రీసభ గుర్తుపట్టింది, ప్రాణం పోసినవాడు దేవుడు.

మీ ఇంట్లో రెండు బైబిళ్ల లావు ఎందుకు తేడాగా ఉందో కూడా ఇక్కడే చెప్పడం మంచిది. మీ అత్తగారి చేతిలోని బైబిలు సొసైటీ ముద్రణలో అరవై ఆరు గ్రంథాలు, మీ కతోలిక ‘పవిత్ర గ్రంథము’లో డెబ్బై మూడు ఉన్నాయి. తోబీతు, యూదితు, మక్కబీయుల రెండు గ్రంథాలు, సొలోమోను జ్ఞానగ్రంథం, సీరా పుత్రుడైన యేసు జ్ఞానగ్రంథం, బారూకు అనే ఏడు గ్రంథాలే ఆ తేడా. ‘మీరు చింపేశారు’ అని ఒకరు, ‘మీరు చేర్చారు’ అని మరొకరు పోట్లాడుకోవడం నేను కళ్లారా చూశాను, రెండూ సరికాదు. ఈ గ్రంథాల గురించి పూర్వం నుండే చర్చ ఉంది. లాటిన్ అనువాదం చేసిన పునీత జెరోముకే వాటిపై అనుమానాలు ఉండేవి. అయినా హిప్పో, కార్తేజి సభలు వాటిని చేర్చుకున్నాయి, 1442లో ఫ్లోరెన్సు మహాసభ పట్టికలో ఉన్నాయి, 1546లో ట్రెంటు మహాసభ వాటినే ధ్రువీకరించింది. మార్టిన్ లూథర్ 1534 నాటి తన జర్మన్ బైబిల్లో వాటిని తీసివేయలేదు. పవిత్ర గ్రంథంతో సమానం కాకపోయినా చదవడానికి మంచివని రాసి రెండు నిబంధనల మధ్య విడిగా ఉంచాడు. బ్రిటిష్ అండ్ ఫారిన్ బైబిల్ సొసైటీ 1820ల నడిమి నాళ్లలో, పెద్ద వివాదం తరువాత, ఈ గ్రంథాల ముద్రణకు తన డబ్బు వెచ్చించకూడదని తీర్మానించుకుంది. తెలుగు నేలకు బైబిలు ఎక్కువగా ఆ సొసైటీ ద్వారానే అందింది. అంటే మీ అత్తగారి ముత్తాతల్లో ఎవరూ వాటిని చదివి తిరస్కరించలేదు. వారి చేతికి అవి రానేలేదు. మీరు నాన్నగారి కోసం చేసే ప్రార్థనకు ఆధారమైన మక్కబీయుల రెండవ గ్రంథం పన్నెండవ అధ్యాయం కూడా అందుకే వారికి కనిపించదు.

గ్రంథం మన చేతికి వచ్చిన తరువాత కూడా, దాన్ని ఎలా చదవాలి అన్న ప్రశ్న మిగులుతుంది. 325లో నీసియా మహాసభలో జరిగినది దీనికి అన్నింటికన్నా గొప్ప ఉదాహరణ. అరియుసు అనే అలెగ్జాండ్రియా గురువు (ప్రీస్టు), క్రీస్తు దేవుని మొట్టమొదటి సృష్టి మాత్రమే, దేవునితో సమానం కాడు అని బోధించాడు. అతడు బైబిలును పక్కన పెట్టి మాట్లాడలేదు. సామెతల గ్రంథం ఎనిమిదవ అధ్యాయంలో జ్ఞానం తాను ప్రభువు సృష్టి ఆరంభంలో కలిగానని చెప్పే మాటను చూపించాడు. యోహాను సువార్తలో ‘తండ్రి నాకంటె గొప్పవాడు’ అన్న క్రీస్తు మాటను చూపించాడు. వచనానికి వచనం ఎదురు పెడుతూ పోతే ఆ వాదం తెగలేదు. చివరకు సభలో కూర్చున్న పీఠాధిపతులు, కుమారుడు పితతో ‘హోమోఊసియోస్’, అంటే ఏకస్వభావం గలవాడు, అని విశ్వాస ప్రమాణంలో రాశారు. ఆ పదం బైబిల్లో ఎక్కడా లేదు. లేదని తెలిసే రాశారు, ఎందుకంటే బైబిలు మొత్తం చెబుతున్నది ఏమిటో, తమ సంఘాలు మొదటి నుండీ జ్ఞానస్నానంలో ఏ పేరును పలుకుతూ, ఎవరిని ఆరాధిస్తూ వచ్చాయో దాన్ని కాపాడడానికి ఆ ఒక్క పదమే సరిపోయింది. మీ అత్తగారు కూడా క్రీస్తు నిజమైన దేవుడని ప్రాణం పెట్టి నమ్ముతారు. ఆమె నమ్మేది బైబిలు సత్యమే, సందేహం లేదు. అయితే ఆ బైబిలును ఆమె నీసియా సభలోని పీఠాధిపతులు చదివినట్టే చదువుతున్నారు. పారంపర్యం ఆమె ఇంట్లో కూడా ఉంది, ఆ పేరుతో పిలవకపోయినా.

మా నాయనమ్మ సంగతి చెప్పకుండా ఈ భాగం ముగించలేను. నిజాం కాలంలో జ్ఞానస్నానం పొందిన మనిషి, అక్షరం రాదు. తెల్లవారుజామున పొయ్యి రాజేసే ముందు బొటనవేలితో నుదుటి మీద చిన్న సిలువ గీసుకొని, పిల్లలందరి నుదుళ్ల మీదా అలాగే గీసేది. ఆమె వేలికి అంటిన పిడక బూడిద మా నుదుళ్ల మీద మధ్యాహ్నం దాకా ఉండేది. అపొస్తలుల విశ్వాస సంగ్రహాన్ని ఊరి ఉపదేశి వేపచెట్టు కింద ఒక్కొక్క మాటగా చెప్పించి నేర్పాడట. ఆమె మా చేత అలాగే చెప్పించింది, ఒక్క మాట తప్పినా మళ్లీ మొదటి నుండి. పెద్దయ్యాక నేను 180 ప్రాంతంలో లియోన్ నగర పీఠాధిపతి పునీత ఇరేనియుసు రాసిన గ్రంథం చదివినప్పుడు మూడవ సంపుటంలో ఒక చోట ఆగిపోయాను. అపొస్తలులు మనకు ఏ రాతలూ వదలకపోయి ఉంటే, వారు సంఘాలను ఎవరికి అప్పగించారో వారి పారంపర్యాన్ని అనుసరించవలసి ఉండేది కాదా అని అడిగి, కాగితం, సిరా లేకుండానే పవిత్రాత్మ చేత హృదయాల్లో రక్షణ రాయబడి, ఆ పాత పారంపర్యాన్ని జాగ్రత్తగా కాపాడుకుంటున్న జాతులు ఎన్నో ఉన్నాయని ఆయన రాశాడు. ఈ ఇరేనియుసు చిన్నతనంలో పునీత పొలికార్పు బోధ విన్నవాడు. పొలికార్పు యోహాను అపొస్తలుని ఎరిగినవాడు. మా నాయనమ్మ ఆ వాక్యాల్లో ఉంది. అదే ఇరేనియుసు సువార్తలు నాలుగేనని, ఎక్కువా తక్కువా కాదని గట్టిగా వాదించినవాడు కూడా అని మరువకండి. రాతను తక్కువ చేయడానికి ఆయన ఆ మాట అనలేదు.

ట్రెంటు మహాసభ గురించి రెండు మాటలు చెప్పాలి. 1546 ఏప్రిల్ 8న వెలువడిన శాసనం, సువార్త సత్యం ‘వ్రాయబడిన గ్రంథాల్లోను, వ్రాయబడని పారంపర్యాల్లోను’ ఉందని, రెండింటినీ సమానమైన భక్తితో స్వీకరిస్తున్నామని చెప్పింది. ముసాయిదాలో ‘కొంత గ్రంథాల్లో, కొంత పారంపర్యాల్లో’ అన్న మాట ఉండేది. దానిపై అభ్యంతరం వచ్చి, ‘కొంత–కొంత’ తీసివేసి, సాదాగా ‘మరియు’ అని మార్చారు. ఈ చిన్న మార్పు ఎంత విలువైనదో తరువాత నాలుగు వందల ఏళ్లపాటు చాలామంది గమనించలేదు. నేను మొదట చెప్పిన రెండు సంచుల ఊహ పాఠ్యపుస్తకాల్లో పాతుకుపోయింది.

రెండవ వాటికన్ మహాసభకు 1962లో తెచ్చిన మొదటి ముసాయిదా పేరే ‘ప్రత్యక్షత మూలాల గురించి’. ప్రత్యక్షత అంటే దేవుడు తనను తాను తెలియజేసుకోవడం; దానికి మూలాలు రెండు అన్న ధోరణిలో ఆ ముసాయిదా ఉంది. నవంబరు 20న ఓటు పెడితే దాన్ని ఆపివేయాలని 1,368 మంది, కొనసాగించాలని 822 మంది చెప్పారు. ఆపడానికి మూడింట రెండు వంతులు కావాలి కాబట్టి నియమం ప్రకారం చర్చ సాగవలసిందే. కాని మరునాడే జాన్ ఇరవై మూడవ పోపు గారు ముసాయిదాను వెనక్కి తీసుకొని, కొత్తగా రాయడానికి ఒక సంయుక్త సంఘాన్ని వేశారు. మూడేళ్ల కష్టం తరువాత 1965 నవంబరు 18న 2,344 మంది ఒప్పుకోగా, ఆరుగురు మాత్రమే కాదనగా ‘దేయి వెర్బుం’ (దేవుని వాక్కు) అనే శాసనం వెలువడింది. అందులో తొమ్మిదవ పేరా మీరు చదవవలసినది: పవిత్ర పారంపర్యం, పవిత్ర గ్రంథం ఒకే దివ్యమైన ఊట నుండి పొంగి, ఒకటిగా కలిసి, ఒకే గమ్యానికి సాగుతాయని చెబుతుంది. గ్రంథం పవిత్రాత్మ ప్రేరణతో రాతలో పెట్టిన దేవుని పలుకు. పారంపర్యం ఆ దేవుని వాక్కును అపొస్తలుల వారసులకు చెక్కుచెదరకుండా అందించేది. రెండింటికీ ఒకే మూలం. పారంపర్యాన్ని గ్రంథంలా ‘ప్రేరేపితమైన పలుకు’ అని ఆ శాసనం ఎక్కడా అనలేదన్నది కూడా గమనించండి. గ్రంథానికి ఉన్న ఆ ప్రత్యేకత గ్రంథానిదే.

ఇక పోపు గారు, పీఠాధిపతుల అధికారం. మన ప్రాంతపు మాటలో చెబుతాను. ఊళ్లో ఒక పొలం ఉంది. దానికి పాత పట్టా కాగితం ఉంది. ‘తూర్పున చింతచెట్టు, పడమర ఒర్రె’ అని హద్దులు రాసి ఉన్నాయి. చింతచెట్టు ఎప్పుడో పడిపోయింది, అది ఎక్కడ ఉండేదో తరతరాలుగా అక్కడ దున్నినవారికి తెలుసు. వివాదం వచ్చినప్పుడు సర్వేయరు వస్తాడు. కాగితం చదువుతాడు, సాక్షులను వింటాడు, గొలుసు పట్టి హద్దు తేల్చి రాయి పాతిస్తాడు. ఆయన తేల్చినదానికి అందరూ కట్టుబడాలి. కాని ఒక్క గుంట భూమిని కూడా ఆయన సృష్టించలేడు. శ్రీసభ బోధనాధికారం అటువంటిది. దేయి వెర్బుం పదవ పేరా ఈ అధికారం దేవుని వాక్కుకు పైన లేదని, దానికి సేవ చేస్తుందని, అప్పగించబడినదాన్ని మాత్రమే బోధిస్తుందని సూటిగా రాసింది. ఈ ఉపమానానికి ఒక హద్దు ఉంది: సర్వేయరు పొరబడవచ్చు, పవిత్రాత్మ తోడును గురించిన వాగ్దానం ఆయనకు లేదు.

మీ మూడవ ప్రశ్నకు సూటి సమాధానం, పోపు గారు కొత్త ప్రత్యక్షతను చేర్చలేరు. ప్రత్యక్షత అపొస్తలుల కాలంతో పూర్తయింది. పోపు గారి తప్పిదరాహిత్యాన్ని, అంటే కొన్ని షరతుల్లో ఆయన బోధలో తప్పు ఉండదన్నదాన్ని, నిర్ణయించిన 1870 జూలై 18 నాటి శాసనంలోనే, పేతురు వారసులకు పవిత్రాత్మ వాగ్దానం చేయబడినది కొత్త సిద్ధాంతాన్ని వెల్లడించడానికి కాదని, అపొస్తలుల ద్వారా అందిన విశ్వాస నిధిని కాపాడి నమ్మకంగా వివరించడానికని ఉంది. షరతులు కూడా అక్కడే ఉన్నాయి: సమస్త క్రైస్తవుల కాపరిగా, బోధకునిగా, విశ్వాసం గురించో నీతి గురించో, మొత్తం శ్రీసభ అంగీకరించవలసినదిగా నిర్ణయించి చెప్పినప్పుడు మాత్రమే. విమానంలో విలేకరులకు చెప్పిన మాటలకు, రోజువారీ ప్రసంగాలకు అది వర్తించదు. 1870 తరువాత ఆ రీతిలో ఒక పోపు గారు సిద్ధాంతాన్ని నిర్ణయించినది ఒక్కసారే, 1950 నవంబరు 1న, మరియమాత మోక్షారోపణం విషయంలో.

మీ అత్తగారు అడిగే ప్రశ్నల్లో అన్నింటికన్నా కష్టమైనది ఇదే కాబట్టి దాచకుండా చెబుతాను. మరియమాత శరీరాత్మలతో మోక్షానికి చేర్చబడిందని సూటిగా చెప్పే వచనం బైబిల్లో లేదు. మొదటి కొన్ని శతాబ్దాల పితరుల, అంటే ఆనాటి సంఘ బోధకుల, రాతల్లో కూడా స్పష్టమైన మాట దొరకదు. ఉన్నదేమిటంటే, తూర్పు సంఘాలు ఆమె ‘నిద్ర’ను, అంటే ఆమె ఈ లోకం విడిచి వెళ్లడాన్ని, పండుగగా జరుపుకోవడం, ఆరవ శతాబ్దం చివరలో మౌరీసు చక్రవర్తి దాన్ని ఆగస్టు 15కు స్థిరపరచడం, ఆ తరువాత తూర్పు పడమరల శ్రీసభలు వెయ్యేళ్లకు పైగా ఆ పండుగ రోజున ఒకే విశ్వాసంతో ప్రార్థించడం. పన్నెండవ పయస్ పోపు గారు తన సొంత ఆలోచనతో ప్రకటించలేదు. 1946లో ప్రపంచంలోని పీఠాధిపతులందరికీ ఉత్తరం రాసి, మీరూ మీ ప్రజలూ ఏం నమ్ముతున్నారని అడిగారు. దాదాపు అందరి సమాధానమూ ఒక్కటే వచ్చింది. ‘వచనం చూపించు’ అని మాత్రమే అడిగేవారిని ఈ వాదం తృప్తిపరచదని నాకు తెలుసు. తన తల్లిని గురించి శ్రీసభ ఇంతకాలం, ఇంత విశాలంగా, మోకాళ్ల మీద నిలబడి నమ్మినదాన్ని పవిత్రాత్మ పొరబాటుగా సాగనివ్వడని నేను నమ్ముతాను. ఏటా ఆగస్టు 15న జెండా వందనం అయ్యాక గుడికి వెళ్లినప్పుడు నేను ప్రార్థించేది ఈ నమ్మకంతోనే. మీ అత్తగారు ఇక్కడ ఆగిపోతే ఆమెను తొందరపెట్టకండి.

పారంపర్యం పేరుతో వచ్చేవన్నీ ఆ పారంపర్యం కావన్నది మరొక ముఖ్యమైన సంగతి. అపొస్తలుల నుండి వచ్చిన పారంపర్యం వేరు, కాలక్రమంలో పుట్టిన ఆచారాలు వేరు. ఈ రెండవ వాటిని శ్రీసభ ఉంచవచ్చు, మార్చవచ్చు, తీసివేయవచ్చు. పూజ లాటిన్‌లో ఉండడం ఆచారం. మా చిన్నప్పుడే అది తెలుగులోకి మారింది. పడమటి శ్రీసభలో గురువుల బ్రహ్మచర్యం క్రమశిక్షణ నియమం. తూర్పు కతోలిక సంఘాల్లో పెళ్లయిన గురువులు ఉన్నారు. హారతి, పంచాంగ ప్రణామం, నేల మీద కూర్చొని పూజలో పాల్గొనడం వంటి పన్నెండు అంశాలను మన దేశపు శ్రీసభకు రోము 1969 ఏప్రిల్‌లో అనుమతించింది. జపమాల కూడా విలువైన భక్తి సాధనే తప్ప విశ్వాస నిధిలో భాగం కాదు. మన కాజీపేట ఫాతిమానగర్ దేవాలయం పేరు 1917 నాటి ఫాతిమా దర్శనాల వల్ల వచ్చింది. అయినా ఆ దర్శనాలను శ్రీసభ ఆమోదించిందే తప్ప, సువార్తను నమ్మినట్టు వాటిని నమ్మి తీరాలని ఏ కతోలికుణ్ణీ బలవంతపెట్టదు. ఈ తేడా మన ఇళ్లలో కూడా చాలామందికి తెలియదు. నేను పనిచేసిన ఒక ఊళ్లో పండుగ తేరు ఏ వీధి నుండి తిరగాలన్న దానిపై రెండు వాడల మధ్య మాటలు పెరిగి, ‘ఇది అపొస్తలుల కాలం నుండి వస్తున్న పద్ధతి’ అని ఒక పెద్దాయన లేచి నిలబడ్డాడు. ఆ తేరు మొదటిసారి కదిలి అప్పటికి నలభై ఏళ్లు కూడా కాలేదు. ఆ గొడవలో ఒక ముసలి తల్లిని పండుగకు రాకుండా ఆపేశారు. ఆ రాత్రి మార్కు ఏడవ అధ్యాయాన్ని నేను నా కోసమే చదువుకున్నాను.

మీ అత్తగారి పక్షాన కూడా మాట్లాడాలి. ‘వాక్యం మాత్రమే’ అన్న సిద్ధాంతాన్ని మనవాళ్లు తరచుగా తేలిక చేసి మాట్లాడతారు. లూథర్, కాల్విన్ ఇద్దరూ ప్రాచీన పితరులను గౌరవంతో ఉదహరించినవారే. అన్ని బోధలనూ చివరకు తూచవలసిన కొలత గ్రంథమే అన్నది వారి మాట, మరే బోధా విలువైనది కాదని కాదు. వారు లేవనెత్తిన భయం, మనుషుల మాట దేవుని మాటను మింగేస్తుందేమో అన్నది, నిజమైన భయం. ట్రెంటు తరువాత సొంత భాషలో బైబిలు చదవడానికి కతోలిక విశ్వాసులకు అనుమతి కావాలన్న నియమం పెట్టిన రోజులూ మన చరిత్రలో ఉన్నాయి. మన జిల్లాల పల్లెల్లో తెలుగు బైబిలును చంకలో పెట్టుకొని తిరిగిన వారు ముందుగా బాప్టిస్టులు, డోర్నకల్ సంఘం వారు. మా తరం కతోలిక పిల్లలం జపాలు కంఠతా పట్టాం గాని, పాత నిబంధన కథలు పొరుగింటి పిల్లల నోట విన్నాం. పవిత్ర గ్రంథాన్ని ఎరుగకపోవడం క్రీస్తును ఎరుగకపోవడమే అన్న పునీత జెరోము మాటను దేయి వెర్బుం ఇరవై ఐదవ పేరాలో గుర్తుచేసి, విశ్వాసులందరూ తరచుగా చదవాలని కోరింది. ఆ కోరికను మీ అత్తగారు మీకంటే, నాకంటే ఎన్నో ఏళ్లుగా నెరవేరుస్తున్నారు.

అందుచేత మీరు ఆమెతో వాదనకు కూర్చోవద్దని నా సలహా. సాయంత్రం ఆమె వాక్యం తీసినప్పుడు పక్కన కూర్చోండి, ఆమె బైబిల్లోనే చదవండి. మొదట కొరింతీయులకు రాసిన మొదటి పత్రిక పదకొండవ అధ్యాయం, తరువాత అపొస్తలుల కార్యాలు ఎనిమిదవ అధ్యాయం, ఇతియోపియా అధికారి రథం మీద యెషయా గ్రంథం చదువుతూ, చదివేది అర్థమవుతోందా అని ఫిలిప్పు అడిగితే, ఎవరైనా చెప్పకపోతే ఎలా అర్థమవుతుందని బదులిచ్చే చోటు. ఆ తరువాత పదిహేనవ అధ్యాయం, అన్యజనుల సున్నతి గురించి అపొస్తలులు, పెద్దలు యెరూషలేములో కూర్చొని తేల్చి, ‘పరిశుద్ధాత్మకును మాకును తోచెను’ అని సంఘాలకు రాసి పంపిన చోటు. అక్కడ ఆగి, ఆ ఉత్తరం అందుకున్న అంతియొకయ సంఘం దానికి ఎందుకు కట్టుబడిందో మీరిద్దరూ మాట్లాడుకోండి; అంతవరకు చాలు. మీ నాన్నగారి సంవత్సరికం వచ్చే నెలలో ఉందని రాశారు కదా, ఆ రోజు మక్కబీయుల రెండవ గ్రంథం పన్నెండవ అధ్యాయం చివరి వచనాలు మీ బైబిలు నుండి మీరే పైకి చదవండి, ఆమెను వినమని అడగండి. వినడానికి ఆమె ఒప్పుకుంటారనే అనుకుంటున్నాను. ఆమెకు ఏ ప్రశ్న వచ్చినా ఇక్కడ రాయండి, మళ్లీ కూర్చొని సమాధానం రాస్తాను.